మేడమ్‌గారి విందుకి ప్రెట్‌జెల్స్

పిండి పొంగింది. గిన్నె మీద కప్పిన తడిగుడ్డను మెల్లగా పైకి నెట్టి అంచు దాటి తొంగిచూస్తోంది. లెక్కల మాస్టారు గుడ్డ తొలగించి రెండు వేళ్లతో పిండిని నొక్కాడు. పడిన గుంట పూడకుండా అలాగే ఉండిపోయింది. అంటే సరిగ్గా కుదిరిందన్నమాట, ఇక చుట్టడమే. పక్కన ఇంకా గిన్నెలున్నాయి, గట్టు మీద చోటు చాలక ఒకటి కిటికీలో కూర్చుంది. సాయంత్రానికి బడి బడంతా ఇక్కడే ఉంటుంది. టీచర్లు, ఆఫీసువాళ్లు, తల్లిదండ్రుల సంఘం పెద్దలు, వాళ్ల పిల్లాజెల్లా. రాక ఏం చేస్తారు, కొత్త హెడ్మిస్ట్రెస్ పిలిచిన విందు. ఆ కొత్త హెడ్మిస్ట్రెస్ అతని భార్య. ఈ మాట మనసులో అనుకున్నప్పుడల్లా నీళ్లు లేకుండా మందుబిళ్ల మింగినట్టుంటోంది. సంతోషంగానే ఉంది. ఎదురుపడిన ప్రతివాడికీ అదే చెప్పాడు, చాలా సంతోషంగా ఉందండీ అని. చెప్పీ చెప్పీ ఆ మాట, బోర్డు మీద చెరిపి చెరిపి రాసిన అంకెలా మసకబారిపోయింది. వంట మనిషిని పెట్టుకుందామని ఆమె అంటే, ఎందుకు, ప్రెట్‌జెల్స్ నేను చేస్తాను, నాలుగు రకాలు చేస్తాను అన్నాడు. ఇంతమందికా అంది. ఇంతమందికీ అన్నాడు. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి కూడా. ప్రేమ అనుకుంది. ప్రేమ కాదని కాదు. అందులో ప్రేమ ఎంత, రేపు అందరి నోళ్లలో నాని తీరాలన్న కసి ఎంత అని ఎవరైనా అడిగితే, లెక్కల మాస్టారై ఉండి కూడా చెప్పలేడు.

పిండి ముద్ద తుంచి గట్టు మీద వేసి రెండు అరచేతులతో దొర్లించాడు. మధ్యలోంచి అంచులకి, మధ్యలోంచి అంచులకి, తాడులా సాగింది. రెండు కొసలూ పట్టుకుని పైకెత్తి, ఒకదాని మీద ఒకటి మెలేసి, కిందికి మడిచి ఒత్తాడు. చేతులు కట్టుకుని బెంచీ మీద కూర్చున్న పిల్లాడిలా ఒక ప్రెట్‌జెల్ తయారైంది. చేతులు కట్టుకోండి, నోరు మూసుకోండి. ఎన్నేళ్లుగా అంటున్నాడో ఈ మాట. సోమవారం నుంచి తనే కట్టుకోవాలి. ఆమె స్టాఫ్‌రూంలోకి రాగానే కుర్చీ వెనక్కి జరిపి లేవాలి. మేడమ్ అనాలి. ఇంట్లో ఏమోయ్, బడిలో మేడమ్. మధ్యలో దారిలో ఏమని పిలవాలో ఎవరూ చెప్పలేదు. బండి మీద వెనక కూర్చుంటుంది కదా, గేటు దాకా ఏమోయ్, గేటు దాటగానే మేడమ్‌గారూ దిగండి. ఇంకో తాడు, ఇంకో మెలిక. బ్రహ్మచారిగా ఉన్నప్పుడు బేకరీ మీద గదిలో అద్దెకి ఉండేవాడు, తెల్లారకముందే నేల వెచ్చబడేది, అడుగున భట్టీ వెలిగిస్తే. ఆ బేకరీ ముసలాయనే నేర్పాడు. పిండితో మంచిగా ఉండు, భయపడకు, భయపడితే దానికి తెలిసిపోతుంది అనేవాడు. అప్పుడు భయం లేదు. అప్పుడు చేసినవన్నీ డబ్బాలో పెట్టుకుని స్టాఫ్‌రూంకి తెస్తే, కొత్తగా చేరిన జీవశాస్త్రం టీచరు ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని ఎక్కడ కొరకడం మొదలుపెట్టాలి మాస్టారూ అంది. మాస్టారూ. ఇవాళ్టికీ అలాగే పిలుస్తుంది. సోమవారం నుంచి ఆ మాటకీ బరువు మారిపోతుంది, పై నుంచి కిందికి పిలిచినట్టుంటుంది.

"అల్లుడుగారూ, వాటినలా ముడేస్తున్నారెందుకు? వచ్చినవాళ్లు విప్పుకుంటూ తినాలా?" అంది అత్తగారు. ఆవిడ తలుపు పక్క కుర్చీలో కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. చెవి కాస్త మందం, అందుకని తన మాట కూడా గట్టిగానే చెబుతుంది.

"అలా చేస్తేనే బాగుంటాయి అత్తయ్యా."

"మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ అంతే, ఏ పని పట్టుకున్నా మొదటి స్థానమే. మీకు తెలుసుగా."

తెలుసు. తెలియకేం. పొద్దుటి నుంచీ ఈ మాట నాలుగోసారి. ఆవిడ తప్పేమీ లేదు, కన్నతల్లి. అయినా నాలుక చివర ఒక మాట తయారుగా ఉంది. మొదటి స్థానం మీ అమ్మాయికి ఎలా వచ్చిందనుకుంటున్నారు, ఇంటర్వ్యూకి ముందు రాత్రుళ్లు కూర్చోబెట్టి ప్రశ్నలు అడిగి జవాబులు సరిచేసింది ఎవరనుకుంటున్నారు. మింగేశాడు. తనూ దరఖాస్తు పెట్టాడు మరి. ఇద్దరూ పెట్టారు. దరఖాస్తు పెట్టేటప్పుడు నవ్వుకున్నారు, ఎవరికొచ్చినా ఇంట్లోకే కదా అని. ఇంటర్వ్యూ రోజు ఒకే బండి మీద వెళ్లారు, ఒకే బెంచీ మీద కూర్చున్నారు, ఆమె చేతులు చల్లబడితే తన చేతుల్లోకి తీసుకుని రుద్దాడు. తనకు వస్తుందనే ధీమాతో రుద్దాడని ఇప్పుడు అర్థమవుతోంది. వయసులో పెద్ద, ఉద్యోగంలో పెద్ద. గెలిచేవాడు ఓడేవాళ్లని బుజ్జగించినట్టు రుద్దాడు. తర్వాత ఒకరోజు ఫోన్ వచ్చింది, ఆమె ఇదే గట్టు దగ్గర నిలబడి విన్నది. విని, సంతోషపడకముందే తిరిగి అతని మొహంలోకి చూసింది. మొహం ఎలా ఉందో ఏమో. ఆమె అలా చూడకుండా ఎగిరి గంతేసి ఉంటే బాగుండేది. ఆ చూపు లేకపోతే ఈ మంట సగం ఉండేదేమో.

పడకగది తలుపు వెనక నుంచి ఆమె గొంతు వినిపిస్తోంది. సాయంత్రం మాట్లాడాల్సింది వల్లె వేసుకుంటోంది. మన పిల్లలు, మన బడి, మనందరి బాధ్యత. ఒక వాక్యం దగ్గర ఆగి, వెనక్కి వెళ్లి, ఇంకోలా అంటోంది. బాగా అంటోంది. చేరిన కొత్తలో క్లాసులో తలొంచుకుని పుస్తకానికి పాఠం చెప్పేది. చివరి బెంచీవాడి కళ్లలోకి చూసి మాట్లాడు, మిగతావాళ్లు వాళ్లే వింటారు అని చెప్పింది తనే. ఇప్పుడు ఆమె చివరి బెంచీని చూస్తోంది. చివరి బెంచీలో ఉన్నది తను. తాడు మరీ సన్నబడి మధ్యలో తెగింది. మళ్లీ ముద్ద చేశాడు.

పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. వంటసోడా వేయగానే బుస్సుమని నురగ పైకి లేచింది, గబుక్కున మంట తగ్గించాడు. ఈ సోడా నీళ్లలో ఒక మునక వేస్తేనే ప్రెట్‌జెల్‌కి ఆ ముదురు రంగు, ఆ మెరుపు. లేకపోతే అది మామూలు రొట్టె. చిల్లుల గరిటెతో ఒక్కొక్కటే నీళ్లలోకి జార్చాడు, మునిగి, తిరగబడి, ఉబ్బి తేలింది. తీసి రేకు మీద పరిచాడు, గుడ్డు సొన రాశాడు, పొట్ట దగ్గర చాకుతో గాటు పెట్టాడు. కొన్నిటి మీద నువ్వులు, ఉప్పు కళ్లు. కొన్నిటి మీద మిరప్పొడి కలిపిన చీజ్ తురుము. కొన్నిటికి కాల్చాక దాల్చినచెక్క పంచదార, పిల్లల కోసం. వెల్లుల్లి వెన్నవి మాత్రం చివరికి. ఆ చివరి రేకు విషయంలో అతని దగ్గర ఒక ఉపాయం ఉంది. ఎవరికీ చెప్పలేదు, తనకి తను కూడా సరిగ్గా చెప్పుకోలేదు. వంటగది కిటికీ పెరట్లోకి తెరుచుకుంటుంది. కుర్చీలు పెరట్లోనే వేస్తారు. ఆమె లేచి మాట్లాడటం మొదలుపెట్టే వేళకి వెల్లుల్లి వెన్న రేకు ఓవెన్‌లోంచి బయటికి రావాలి. కిటికీ బార్లా తెరిచి ఉండాలి. అంతే. తర్వాత సంగతి వాసనే చూసుకుంటుంది. ఒక తల తిరుగుతుంది, తర్వాత ఇంకోటి. ఎవరో అబ్బా అంటారు, ఎవరో నవ్వుతారు. తను రేకు పట్టుకుని గుమ్మంలో నిలబడతాడు, అయ్యో మాట్లాడుతున్నారా, కానివ్వండి కానివ్వండి. పిల్లలకి చెప్పే రైలు లెక్కే ఇది. రెండు రైళ్లు రెండు స్టేషన్ల నుంచి బయల్దేరాయి, ఎక్కడ కలుస్తాయి? తప్పని తెలుసు. చిన్నపిల్లాడి బుద్ధి అని కూడా తెలుసు. కానీ చేతులు అప్పటికే ఆ చివరి రేకుకి పెద్ద పెద్ద ముద్దలు, మంచి ముద్దలు, వేరుగా తీసి పెడుతున్నాయి.

పెరటి వైపు నుంచి ఇనప కుర్చీల చప్పుడు. డ్రిల్లు మాస్టారు వచ్చాడు, బడి నుంచి కుర్చీలు వేసుకుని. ఆ మనిషికి దేన్నీ మెల్లగా దించడం రాదు. కుర్చీలు వేయడం అయ్యాక చెమట తుడుచుకుంటూ వంటగదిలోకి వచ్చి, అప్పుడే దించిన రేకులోంచి ఒకటి తీసుకుని, కాలుతున్నా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేసుకుంటూ కొరికాడు.

"సార్, మీరు బళ్లో ఎందుకున్నారో నాకర్థం కాదు. ఇవి పెట్టుకుని కొట్టు తెరిచుంటే ఈపాటికి మేడలు కట్టేసేవారు."

"అంతేలే, లెక్కలు చెప్పడానికి పనికిరానని ఇలా చెబుతున్నావు."

"అయ్యో రామ, అదేం మాట! అసలు మీకో సంగతి చెప్పాలి." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు, అంటే మామూలు మనిషి మాట్లాడినంత గట్టిగా అన్నమాట. "పెద్దసారు చెప్పారు నాకు." పెద్దసారంటే దిగిపోతున్న హెడ్మాస్టరు, ఇంటర్వ్యూలో ఆయనా కూర్చున్నాడు. "మేడమ్‌ని అడిగారట, మీ ఆయన మీ కింద పనిచేయాల్సొస్తుంది కదమ్మా, ఎలా నెట్టుకొస్తారు అని. ఆవిడేమన్నారో తెలుసా? ఆయన నాకన్నా మంచి టీచరండీ అన్నారట! ఆ గదిలో, అందరి ముందూ. మీరు అదృష్టవంతులు సార్."

డ్రిల్లు మాస్టారు ఇంకోటి తీసుకుని వెళ్లిపోయాడు. అతను చిల్లుల గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నాకన్నా మంచి టీచరు. ఆ మాట ఒంట్లోకి వేడి కాఫీలా దిగింది. ఆమె అంది. పోటీ పడుతున్న గదిలో, తనకి నష్టమని తెలిసి అంది. అయితే మరి వాళ్లు ఆమెకెందుకిచ్చారు? అదే, ఆ మంచితనం చూసి ఇచ్చుంటారు. అంటే ఒక రకంగా అది తనదే. తనని పొగిడినందుకు వచ్చిన కుర్చీ. ఎంత బాగుందీ ఆలోచన, రెండు నిమిషాలు దాని మీద హాయిగా పడుకున్నాడు. చేతులు తేలికయ్యాయి, మెలికలు వాటంతటవే పడుతున్నాయి. పిచ్చిదానా, నాకెందుకు చెప్పలేదు. ఈ చివరి రేకు సంగతి కూడా ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది, వద్దులే, ముందే కాల్చేద్దాం అనుకున్నాడు కూడా.

అప్పుడే ఆమె వచ్చింది. తయారై, మంచి చెప్పులు చేతిలో పట్టుకుని, నేల మీద పిండి ఉంటుందని ఉత్తి కాళ్లతో. "మాస్టారూ, గొంతు ఎండిపోతోంది. ఏదైనా పెట్టండి."

నువ్వులది ఒకటి ఇచ్చాడు. ఇస్తూ, ఆపుకోలేక నవ్వుతూ అన్నాడు. "నా గురించి ఇంటర్వ్యూలో చెప్పావట."

ఆమె నమలడం ఆపింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరైతేనేం. నాకన్నా మంచి టీచరు అన్నావట."

"అన్నాను." పెదవి మీది నువ్వులు తుడుచుకుంది. "అంతవరకే చెప్పారా?"

అప్పుడే నీళ్లు పొంగాయి. సోడా నీళ్లు పొయ్యి మీద పడి చుయ్‌మన్నాయి, మంట తగ్గించి అటే తిరిగి నిలబడ్డాడు. "ఇంకా ఉందా?"

"ఉంది. ఆయన నాకన్నా మంచి టీచరు, కానీ హెడ్మాస్టరు పనికి ఆయనకన్నా నేనే బాగుంటాను అన్నాను." గొంతులో క్షమాపణ లేదు, పొగరూ లేదు. ఒంట్లో బాలేని మనిషికి జ్వరం ఎంతుందో చెప్పినట్టు చెప్పింది. "అబద్ధమా? ఆలస్యంగా వచ్చిన టీచర్ని ఒక్క మాట అంటారా మీరు? అనరు. మీరే వెళ్లి వాడి క్లాసు చెప్పేస్తారు. అందరూ మిమ్మల్ని దేవుడంటారు, వాడు మర్నాడు కూడా ఆలస్యంగా వస్తాడు."

నిజం. ఎంత నిజమంటే, కోపం తెచ్చుకోవడానికి ఎక్కడా పట్టు దొరకలేదు. కాఫీ వేడి అంతా ఒక్కసారి దిగిపోయి, కింద ఉన్న పాత మంట మళ్లీ బయటపడింది, ఈసారి సిగ్గు కూడా కలిసి. అయితే ఇన్నాళ్లూ తెలుసన్నమాట ఈమెకి. చేతులు రుద్దించుకుంటున్నప్పుడూ తెలుసు. పక్కన పడుకుని, మాస్టారూ రేపు మొదటి పీరియడు మీదే అంటున్నప్పుడూ తెలుసు.

"మిమ్మల్నేం అడిగారు?" అంది ఆమె.

"ఎప్పుడు?"

"అదే, ఇంటర్వ్యూలో. నా గురించి. మీ భార్య మీ కింద పనిచేయాలి కదా, ఎలా అని అడిగారుగా?"

జ్ఞాపకంలో వెతికాడు. ఆ గది, పొడుగు బల్ల, పెద్దసారు ముందున్న నీళ్ల గ్లాసు, అడిగిన ఒక్కో ప్రశ్న. పరీక్షా ఫలితాలు, కొత్త గదులు, క్రమశిక్షణ. పిల్లలెంతమంది మాస్టారూ మీకు అని కూడా అడిగారు, బడిలో ఉన్నవాళ్లంతా అంటే అందరూ నవ్వారు. "లేదు," అన్నాడు. "అడగలేదు."

"ఓహో," అంది ఆమె. అంతే. మిగిలిన ముక్క నోట్లో వేసుకుని, చేతులు దులుపుకుని, చెప్పులు పట్టుకుని వెళ్లిపోయింది. అడగలేదు. ఇంతవరకూ ఆ సంగతి తోచనే లేదు తనకి. తను ఎలా ఉంటాడో, ఏమవుతాడో, ఎంత మండిపోతాడో అని వాళ్లు ఆమెని అడిగారు. ఆమె జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది, తన మంటకి ఆమె హామీ ఉండాల్సి వచ్చింది. ఆమె సంగతి మాత్రం తనని ఎవరూ అడగలేదు, ఆమెకేం బాధ, సర్దుకుంటుంది అన్నట్టు. తనూ అలాగే అనుకున్నాడు కదా, బెంచీ మీద కూర్చుని చేతులు రుద్దుతూ. సర్దుకుంటుంది అనుకున్నాడు. అసలు ఆ మాత్రం కూడా అనుకోలేదు.

పెరడు నిండిపోతోంది. గొంతులు, పిల్లల పరుగులు, డ్రిల్లు మాస్టారి అరుపులు. రేకులు ఒకటి తర్వాత ఒకటి వెళ్లాయి, ఖాళీగా తిరిగొచ్చాయి. సార్ అద్భుతం అని ఎవరో కిటికీలోంచి తల పెట్టి చెప్పారు, నవ్వాడు. సంతోషమేసింది, నిజంగానే, ఆ పొగడ్తని గబుక్కున అందుకుని దాచుకున్నాడు. ఇంత జరిగాక కూడా ఇంకా కావాలి. చేతులు వాటి పని అవి చేసుకుపోతూ వెల్లుల్లి వెన్న రేకుని ఓవెన్‌లోకి తోసేశాయి. ఎప్పుడు తోశాయో అతను చూడనట్టే ఉన్నాడు. బయట ఒక గ్లాసు మీద చెంచాతో కొట్టిన చప్పుడు. పెద్దసారు ఏదో అన్నాడు. తర్వాత ఆమె గొంతు. అందరికీ నమస్కారం. ఆగింది. ఆ ఆగడం అతనికి తెలుసు, తర్వాతి వాక్యం చేజారినప్పటి ఆగడం. ఇప్పుడు ఆమె తల వంచుకుని ఉంటుంది. ఓవెన్ అద్దంలోంచి చూస్తే ప్రెట్‌జెల్స్ ముదురు గోధుమరంగుకి వచ్చేశాయి, ఇంకొక్క క్షణం ఉంచితే మాడతాయి. తలుపు తెరిచి రేకు బయటికి లాగాడు. వెల్లుల్లి, వెన్న, కాలిన పిండి, వాసన మొహానికి గుడ్డలా తగిలింది. కిటికీ బార్లా తెరిచి ఉంది. గాలి పెరట్లోకే వీస్తోంది. అప్పటికే పెరట్లో ఎవరిదో తల ఇటు తిరిగింది.

రేకుని పొయ్యి మీద పడేసి కిటికీ మూశాడు. తర్వాత తలుపు. గడియ పెట్టాడు.

"ఉడికి చస్తున్నాం, తలుపెందుకేశారు?" అంది అత్తగారు.

"ఆమె మాట్లాడుతోంది అత్తయ్యా."

"ఆఁ?"

"మీ అమ్మాయి మాట్లాడుతోంది!"

"అయితే వినాలి గానీ తలుపేస్తారేం?" అంది ఆవిడ, తనకెలాగూ వినబడదు కాబట్టి వెల్లుల్లి పొట్టు ఒళ్లోంచి దులుపుకుంటూ. అతను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. మూసిన తలుపులోంచి మాటలు రావడం లేదు, గొంతు మాత్రం వస్తోంది. మొదట వణికింది, తర్వాత ఎక్కడో పట్టు దొరికింది, లేచింది. వాళ్లు నవ్వారు. ఆమె మళ్లీ ఏదో అంది, ఇంకా గట్టిగా నవ్వారు. ఏమని ఉంటుంది? తన గురించేమైనానా? కాకపోవచ్చు. ఆమె చెప్పుకోవాల్సినవి చాలా ఉంటాయి. వెన్న మసిగుడ్డ మీద కారుతోంది, చెమట కళ్లలోకి దిగుతోంది. చప్పట్లు మొదలయ్యాయి. ఒక్కో చప్పుడూ పక్కటెముకల మీద పడ్డట్టే ఉంది. మంట పోలేదు. తలుపేసినంత మాత్రాన పోతుందని ఎందుకనుకున్నాడో.

తలుపు తట్టారు. గడియ తీస్తే ఆమె. మొహం ఎర్రగా, జుట్టు చెదిరి, ఎక్కడో చెప్పులు వదిలేసి వచ్చింది. లోపలికొచ్చి తనే తలుపు దగ్గరికి వేసింది, బయట అందరూ ఆమెని వెతుకుతుంటే. అత్తగారు కూతురి చెంప ముట్టుకుని, నీళ్లు తాగి వస్తానని లేచి వెళ్లింది. మైదా డబ్బా మీద కూర్చుని ఆమె కాళ్లు చాపుకుంది.

"కుళ్లుగా ఉంది నాకు," అన్నాడు అతను. ఎందుకన్నాడో తెలీదు. అసలు అనాలనుకున్నది బాగా మాట్లాడావు అని.

ఆమె తలెత్తి చూసింది. ఫోన్ వచ్చిన రోజు చూసినట్టు కాదు. "తెలుసు."

"చాలా ఉంది."

"ఎన్నాళ్లుంటుంది?"

"తెలీదు."

"సరే, ఉండనీయండి," అంది ఆమె. "సోమవారం మీరు లేచి నిలబడక్కర్లేదు, ఆ పిచ్చి ఆలోచనలు పెట్టుకోకండి. కానీ ఆలస్యంగా వచ్చినవాడి క్లాసులోకి మీరు వెళ్తే మాత్రం ఊరుకోను. చెబుతున్నాను." చెయ్యి చాపింది. "అవేనా వెల్లుల్లివి? ఇలా ఇవ్వండి. ఆ నువ్వులది తప్ప పొద్దుటి నుంచీ ఏం తినలేదు."

అతను రేకులో అన్నిటికన్నా పెద్దదాని కోసం చూశాడు. వేళ్లు కాలుతున్నా తీసి ఆమె చేతిలో పెట్టాడు.